పొట్టిదాని మంచు సైకిలు

నవంబరు 6, తెర కట్టిన పంతొమ్మిదో ఏడు. గుమ్మాల డిపో.

ట్రయలు రైడరు రోజువారీ నివేదిక రాయాలని రూలు. దూరం, సమయం, సామాను, ఈ మూడు ముక్కలూ చాలన్నారు మా డిపో మేనేజరు సత్యారావు గారు. మూడు ముక్కలతో ఆగే చెయ్యి కాదు నాది. చదివేది ఆయనే గనక ఆయన గురించి కూడా రాస్తాను, భరించాలి.

పేరు పాంగి రాజులమ్మ. పని బొంత కోట్లు కుట్టడం. పొడుగు నాలుగడుగుల తొమ్మిదంగుళాలు. ఈ చివరి సంగతి ఇవాళ డిపో మొత్తానికీ తెలిసింది.

ఎగువబంద దారికి పోయినేడు వరకూ అప్పలనాయుడు రైడరు. ఆరడుగుల మనిషి. పెళ్ళి చేసుకుని సముద్రపొడ్డుకి వెళ్ళిపోయాడు, సైకిలు మాత్రం వదిలేశాడు. పొద్దున్న దాన్నెక్కాను. సిమెంటు నేల మీద మునివేళ్ళు ఆనాయి, ఫరవాలేదనుకున్నాను. గేటు దాటి మంచులోకి వెళ్ళి ఆగి కాలు పెట్టాను. కాలు కిందకి దిగింది, ఇంకా దిగింది, నేల మాత్రం రాలేదు. మధ్య కడ్డీయే నన్ను ఆపింది. ఎక్కడ ఆపిందో రాయను.

"వొద్దమ్మా రాజులమ్మా! నీ కాళ్ళకీ ఆ సైకిలుకీ కుదరదు. పొడుగాటోళ్ళెవరైనా వొస్తారేమో సూద్దాం" అన్నారు సత్యారావు గారు, నవ్వు ఆపుకుంటూనే.

"ఎవరొస్తారు సార్? నెల్లాళ్ళుగా సూస్తన్నారు కదా!"

ఎవరూ రారని ఆయనకీ తెలుసు. ఎండ తగ్గించడానికి ఆకాశానికి తెర కట్టినప్పటి నుంచీ ఈ కొండల మీద పడే మంచే వేసవిలో కింద ఊళ్ళన్నీ తాగేది. తాగే మంచు మీద ఇంజను నడవకూడదు. మా సైకిలు గొలుసుకి కూడా ఆముదమే రాస్తాం. డ్రోనులు రెండు లోయలో కూలి వాటి బ్యాటరీల విషం నీళ్ళలో తేలాక అవీ బందయ్యాయి. నడిచి వెళ్తే దారిలో రాత్రి ఆగాలి, ఆగితే డిసెంబరు చలికి మందు గడ్డకడుతుంది. అందుకని బెత్తెడు లావు టైర్ల సైకిలు ఒక్కటే మిగిలింది.

ఆ మందు ఎగువబందలో ఉండే మా అప్ప కూతురు బుదరికి. దానికి ఏడేళ్ళు, పుట్టు చక్కెర జబ్బు, రోజూ ఇన్సులిను పడాలి. పోయినేడు నెలకి సరిపడా సీసాలు ఒకేసారి ఇంట్లో దాచారు, ఒక్క చలి రాత్రికి అన్నీ గడ్డకట్టి పనికిరాకుండా పోయాయి. అప్ప వాటిని గుప్పిట్లో పట్టుకుని తెల్లారేదాకా ఏడ్చింది. వారానికి సరిపడా కొన్నే అయితే పొయ్యి వారన కాపాడుకోవచ్చు, కాబట్టి ప్రతి సోమవారం తాజాగా అందాలి. అందించే రైడరు లేకపోతే డిసెంబరు ఒకటిన పిల్లని కింద హాస్టలుకి దించేస్తారు, మంచు కరిగేదాకా నాలుగు నెలలు. మా అప్ప చిలకమ్మ వెంట వెళ్ళడానికి లేదు. మంచుని ఆపే కంచెల్ని చూసుకునే తనలాంటి మంచు కాపువాళ్ళు చలికాలం కంచె వదిలి దిగకూడదు.

నవంబరు ముప్ఫై సోమవారం పరీక్ష. డిపోలో మధ్యాహ్నం సైరను మోగేలోపు మందు ఎగువబంద చేరాలి, అక్కణ్ణించి ఫోను రావాలి. నాకు ఇష్టమైన సైకిలు ఎంచుకోమన్నారు. ఎంచుకోవడానికి ఉన్నవి మూడు.

నవంబరు 8.

మూడింటికీ పేర్లు పెట్టాను. అప్పలనాయుడిది ఏనుగు. రెండోది గేదె. మూడోది బడిపిల్లల కోసం తెప్పించి ఎవరూ వాడని చిన్న సైకిలు, అది దూడ.

పొట్టిదానికి చిన్న సైకిలే కదా అని డిపోలో అందరూ దూడ వైపు వేలు చూపించారు. ఎక్కగానే నాకూ హాయిగా ఉంది, ఇంట్లో పీట మీద కూచున్నట్టు. కాని దాని చక్రం చిన్నది. గేటు పక్కన మూరెడు మంచు దిబ్బ వస్తే ఎక్కలేక ముక్కు గుచ్చి నిలబడిపోయింది. నేను మాత్రం ముందుకే వెళ్ళాను.

దానితో నాకు ఆలోచన మొదలైంది. మనిషికి సరిపోవడం వేరు, దారికి సరిపోవడం వేరు. రెండూ ఒకే సైకిల్లో ఎంతవరకు దొరుకుతాయి? టేపు తెచ్చాను. కూచుని పనిచేసేవాళ్ళకి లాగు కుట్టేటప్పుడు వాళ్ళని కూచోబెట్టే కొలత తీస్తాను. మరి మంచులో దిగేదానికి కొలత సిమెంటు మీద తీస్తే ఎలా? బూట్లతో మంచులోకి వెళ్ళి నిలబడ్డాను. సత్యారావు గారు మొహం పక్కకి తిప్పుకుని టేపు కింది కొస పట్టుకున్నారు. పాపం, మర్యాదస్తుడు.

సిమెంటు మీద ఉన్న కొలతలో జానెడు మంచులోకి పోయింది. అంటే కడ్డీ నాకు మామూలుగా కావలసిన దానికన్నా ఇంకో జానెడు కిందకి ఉండాలి. గేదెకి మధ్య కడ్డీ తిన్నగా ఉండదు, సీటు వైపు బాగా వంగి దిగుతుంది. చక్రాలేమో ఏనుగువంతే పెద్దవి. మంచులో దానికి అటో కాలు ఇటో కాలు వేసి నిలబడితే మధ్యలో నాలుగు వేళ్ళ సందు మిగిలింది. ఆ సందు చూసి నాకు పట్టలేని సంతోషం వేసింది.

అయితే గేదె నాకోసం పుట్టలేదు. హ్యాండిలు అందాలంటే గోడకి మేకు కొట్టేవాడిలా చాచాలి. పెడలు కడ్డీలు పొడుగు, తొక్కితే మోకాలు పొట్టలోకి వస్తోంది. దూడ నుంచి పొట్టి పెడలు కడ్డీలు ఊడదీసి గేదెకి బిగించాను. హ్యాండిలు మెడ కూడా దూడదే వేశాను. హ్యాండిలు రెండు కొసలూ రెండేసి వేళ్ళ మేర కోసేశాను. చేతులు దూర్చుకోవడానికి బొంత సంచులు రెండు కుట్టి తొడిగాను.

"ఇది గేదా, దూడా?" అని అడిగారు సత్యారావు గారు.

"నాది సార్" అన్నాను.

నవంబరు 11.

నిన్నంతా టైర్లలో గాలితో గడిచింది. అప్పలనాయుడు బరువులో నేను సగం. అతనికి కొట్టినంత గాలే నాకూ కొడితే టైరు మంచుని పట్టుకోదు, పైపైన గెంతుతుంది. నేను తేలిక కాబట్టి గాలి కూడా తక్కువే ఉండాలి కదా? కొంచెం కొంచెం తీస్తూ డిపో వెనక మంచులో చుట్లు కొట్టాను. ప్రతి చుట్టుకీ దిగి జాడ చూశాను. మొదట జాడ సన్నంగా లోతుగా పడింది. తీస్తూ పోతే వెడల్పయింది. చివరికి బొటనవేలితో నొక్కితే చపాతీ పిండిలా లోపలికి పోయేంత మెత్తగా అయ్యాక సైకిలు ఎక్కడా జారలేదు. ఎందుకో తెలియకుండానే నవ్వుకుంటూ ఇంకో నాలుగు చుట్లు కొట్టాను.

డిపోలో నన్ను చూసిన ప్రతి ఒక్కరూ "పంచరైపోనాదే" అన్నారు. కాదని చెప్పి చెప్పి నోరు నొప్పెట్టింది. సాయంత్రం గేదెని షెడ్డులో పెట్టి వెళ్ళాను, ఇవాళ పొద్దున్న వచ్చేసరికి టైర్లు రాళ్ళలా ఉన్నాయి. ఎవరో పుణ్యాత్ములు గాలి కొట్టేశారు. మళ్ళీ తీసుకున్నాను.

నవంబరు 14. మొదటి ప్రయత్నం.

పరీక్ష రోజు తప్ప మధ్యాహ్నం దాకా నాకు కుట్టు పని ఉంటుంది, ఆ తర్వాతే బయల్దేరగలను. సగం దారిలో సాడిమెట్ట పోస్టు. కాపలా ఉండేది గెమ్మెలి బొంజన్న. వరసకి మావ అవుతాడు. దారిన పోయే రైడర్లకి వేడి చోడి పిండి జావ ఇవ్వడం, కాసేపు పొయ్యి దగ్గర కూచోబెట్టడం ఆయన ఉద్యోగం.

సాడిమెట్ట దాకా గేదె ఎలా వెళ్ళిందో రాయడానికి మాటలు వెతుక్కోవాలి. పాత కాఫీ తోటలుండే ఏటవాలంతా మంచు కంచెలే ఇప్పుడు. వాటి మధ్య నుంచి ఒక్కసారి కూడా దిగకుండా ఎక్కాను. సూర్యుడు తెర వెనక పాలచుక్కలా ఉన్నాడు. నాకు అసలు చలే వెయ్యలేదు.

"ఓలమ్మ! ఇంత బేగి వొచ్చీసినావేటి కోడలా! కూకో, కూకో" అంటూ బొంజన్న మావ తలుపుకి వేలాడే దుప్పటి ఎత్తి నన్ను లోపలికి తోశాడు. జావ గిన్నె చేతికిచ్చి కట్టెలు తేవడానికి బయటికెళ్ళాడు. జావ బాగుంది. బయల్దేరాను.

అక్కణ్ణించి అదే గేదె వేరే జంతువయింది. పోస్టు దాటగానే వచ్చే చీమల గట్టు మొదట్లోనే వెనక చక్రం పక్కకి జారింది. లేచాను, ఎక్కాను, మళ్ళీ పడ్డాను. గట్టు సగం కూడా ఎక్కకుండా చీకటి పడుతుందని వెనక్కి తిరగాల్సి వచ్చింది. దిగేటప్పుడు కూడా పడ్డాను. మోచెయ్యి వాచింది.

ఒళ్ళు నొప్పుల కన్నా ప్రశ్న ఎక్కువ బాధ పెడుతోంది. కింద అంత బాగా నడిచింది పైన ఎందుకు నడవలేదు?

నవంబరు 17.

ఏమో, గేదెని ఎంచుకోవడమే తప్పేమో. దూడ పెడళ్ళు దూడకి బిగించి ఇవాళ దానిమీద వెళ్ళాను. సాడిమెట్ట దాకా దిబ్బ వచ్చినప్పుడల్లా దిగి నెట్టుకుంటూ, దాన్ని తిట్టుకుంటూ వెళ్ళాను. కాని జారలేదు. జావ తాగి బయల్దేరాక దూడ కూడా చీమల గట్టు మీద సబ్బు మీద నడిచినట్టు నడిచింది.

సైకిలు మారినా జారుడు మారలేదు. అంటే తప్పు సైకిలుది కాదు. ఈ ఒక్క ముక్క తెలిసినందుకు రెండో మోచెయ్యి కూడా వాచింది. రేపటి నుంచి మళ్ళీ గేదె.

నవంబరు 20.

మంచులో తేడా ఉందేమోనని రెండు టిఫిను డబ్బాలు పట్టుకెళ్ళాను. సాడిమెట్టకి కింద మంచు ఒక దాంట్లో, చీమల గట్టు మంచు ఒక దాంట్లో నింపి, తిరిగొస్తూ బొంజన్న మావ పొయ్యి పక్కన మూతలు తీసి చూశాను. పిండి చూశాను, నాకి చూశాను. ఒకేలా ఉన్నాయి.

"మంచుకి కూడా ఉప్పు సూస్తావేటి కోడలా?" అని మావ పడీ పడీ నవ్వాడు. "ఆ గట్టు అంతే. కొత్తోళ్ళని ఓపాలి పడేస్తాది."

"ఓపాలి కాదు మావా, రోజూ పడేస్తంది."

"అయితే నీమీద ఇష్టమైపోయుంటాది."

నవ్వాను గాని లోపల నవ్వు లేదు. డిపోకి వచ్చేసరికి నా కుట్టుమిషను మీద హాస్టలు వాళ్ళ ఆర్డరు పెట్టి ఉంది. చలికాలం పిల్లలకి యూనిఫారాలు కుట్టేది నేనే, ప్రతి ఏడూ వస్తుంది. కొలతల కాగితాలు తిరగేస్తుంటే ఒకదాని మీద కొర్ర బుదరి అని ఉంది. ఛాతీ, భుజం, చెయ్యి పొడుగు, అన్నీ ఉన్నాయి. ఆ కొలతలు నాకు కాగితం చూడకుండానే తెలుసు. పోయిన వేసవిలో దానికి గౌను కుట్టాను.

ఆ కాగితం అడుక్కి తోసి మిగతావి కుట్టాను. కోపం వచ్చింది, ఎవరిమీదో తెలియలేదు. మనం ఓడిపోతామని ముందే నిర్ణయించి గుడ్డ కూడా కొలిచేస్తే ఎవరికి మాత్రం రాదు?

నవంబరు 23.

గట్టు ఎక్కాను!

మొదటి నుంచి రాస్తాను. సాడిమెట్టలో ఇవాళ బొంజన్న మావ లేడు. కంచె విరిగితే బాగుచెయ్యడానికి వెళ్ళాడట, తలుపుకి గొళ్ళెం పెట్టి ఉంది. అరుగు మీద కూచుని నా సీసాలో నీళ్ళే తాగి బయల్దేరాను. పడడానికి సిద్ధంగా రెండు మోచేతులకీ గుడ్డలు చుట్టుకున్నాను. చీమల గట్టు వచ్చింది. చక్రం పట్టుకుంది. ఇంకో మలుపు, ఇంకో మలుపు, పట్టుకునే ఉంది. గట్టు మీద నిలబడి చూస్తే దూరంగా ఎగువబంద ఇళ్ళ మీద పొగ కనిపించింది. వెళ్ళాలని కాళ్ళు లాగాయి గాని వెలుగు తగ్గుతోంది, తిరిగొచ్చేశాను.

ఇప్పుడు మిషను ముందు కూచుని ఆలోచిస్తున్నాను. ఇవాళ ఏం మారింది? మంచు అదే. సైకిలు అదే. నేను నేనే. మారిందల్లా జావ తాగకపోవడం. ఒక గిన్నె జావ మనిషిని కింద పడేస్తుందా? పొట్ట నిండితే బరువు వెనక్కి పోతుందా? సత్యారావు గారిని అడిగితే ఆయన పెన్ను కింద పెట్టి నన్ను కాసేపు చూశారు.

"ఎల్లి పడుకో అమ్మా" అన్నారు.

నవంబరు 25.

జావ సంగతి తేల్చుకోవాలని ఇవాళ మళ్ళీ సాడిమెట్టలో ఆగాను. బొంజన్న మావ గిన్నె చేతికిచ్చి కట్టెలకని బయటికెళ్ళాడు. కట్టెలు పొయ్యి పక్కనే బోలెడున్నాయి. ఇన్ని రోజులూ ఆ సంగతి నేను చూడనే లేదు. గిన్నె పట్టుకునే వెళ్ళి దుప్పటి అంచు కాస్త పక్కకి జరిపాను.

మావ నా గేదె పక్కన మంచులో మోకాళ్ళ మీద కూచుని ఉన్నాడు. చేతులకి తొడుగుల్లేవు, తొడుగులతో చిన్న మూత తిప్పలేం కదా. పాత చేతిపంపు తగిలించి కొడుతున్నాడు. ఆయనకి అరవై దాటాయి. పది కొట్టి ఆగి వేళ్ళు నోటి దగ్గర పెట్టుకుని ఊదుకుంటున్నాడు, మళ్ళీ కొడుతున్నాడు. ముందు టైరు రాయిలా అయ్యాక అరచేత్తో చరిచి చూసి వెనక టైరు దగ్గరికి జరిగాడు. అంతా అయ్యాక సీటు మీది మంచు కూడా తన కండువాతో తుడిచాడు.

డిపోలో నా టైర్లకి ఆ రాత్రి గాలి ఎవరు కొట్టారో నేనెప్పుడూ అడగలేదు, ఎందుకంటే అది అడిగే విషయమే కాదు. మా కొండ మీద ఎదుటివాళ్ళ సైకిలు మెత్తగా కనిపిస్తే గాలి కొట్టి పెడతాం, చెప్పం. చెబితే ఇచ్చింది ఎత్తిచూపినట్టు. దాహం వేసినవాడికి నీళ్ళిచ్చి ఇచ్చానని చెబుతామా? నేనూ ఎంతమందికో కొట్టాను. రెండేసి తొడుగుల చేతులతో నాకు టైరు గట్టిదో మెత్తదో తెలియదు, మంచు అంటుకుని కంటికీ తెలియదు. పడి లేచిన ప్రతిసారీ గొలుసు చూశాను, మంచు చూశాను, నా పొట్ట కూడా అనుమానించాను. గాలి మాత్రం నేను తీసినంతే ఉంటుందనుకున్నాను.

మావ లోపలికొచ్చి పొయ్యి మీద చేతులు చాపాడు. వేళ్ళ కణుపుల దగ్గర చర్మం పగిలి ఎర్రగా ఉంది. "ఇంకాస్త పొయ్యమంటావా కోడలా?" అని గిన్నె వైపు చూశాడు.

గిన్నె చాచాను. తాగేసి బయల్దేరి మలుపు తిరిగాక, ఆయనకి కనబడకుండా, ఆగి గాలి తీద్దామనుకున్నాను. తొడుగు విప్పిన చెయ్యి ఉన్నట్టుండి మొద్దుబారింది. మూత దగ్గర మంచు గడ్డకట్టి వాల్వు ఇరుక్కుపోయింది, గాలి మొత్తం పోయింది. డిపో దాకా నడిచాను. రెండు వేళ్ళకి ఇంకా స్పర్శ లేదు, ఎడమ చేత్తో రాస్తున్నాను.

నవంబరు 27.

చెప్పకుండా గడిచే దారేదైనా ఉందా అని నిన్నంతా ఆలోచించాను. సాడిమెట్టలో ఆగకుండా వెళ్ళిపోవచ్చు. పోస్టు ముందు నుంచి ఆగకుండా పోతే మావ మొహం మీద తలుపేసినట్టే. పైగా చలికాలమంతా, ప్రతి సోమవారమూ, పొయ్యి లేకుండా ఆ దారి నావల్ల కాదు. చెప్పి తీరాలి. పరీక్షకి ఇంకా మూడు రోజులుంది.

ఇవాళ వెళ్ళి జావ తీసుకోకుండా నిలబడ్డాను. "మావా, నా సైకిలుకి గాలి కొట్టకు."

ఆయనకి అర్థం కాలేదు. తర్వాత అర్థమైంది. మొహం చిన్నబోయింది.

"సరింగా కొట్టలేదేటి?"

"బాగా కొట్టినావు. అందుకే పడిపోతన్నాను."

బయటికి తీసుకెళ్ళాను. ఆయన కొట్టిన గాలితో వెనక చక్రాన్ని మంచు మీద దొర్లించాను. ఆ పక్కనే గాలి తీసి మళ్ళీ దొర్లించాను. మొదటి జాడ సన్నంగా కోసినట్టుంది, రెండోది వెడల్పుగా చదునుగా ఉంది. మావ వంగి రెండింటి మీదా చెయ్యి పెట్టి చూశాడు.

"అప్పలనాయుడు గట్టిగా కొట్టమనీవోడు" అన్నాడు.

"ఆడు నాకు రెండింతలు మావా."

"ఇన్నేళ్ళయి ఈ పోస్టు నించి ఒక్కడూ మెత్తటి టైరుతో ఎల్లలేదు" అన్నాడు. ఆ మాట నాతో అన్నట్టు లేదు. "మరి వొచ్చినోలికి నానేటి సెయ్యాల? జావ పోసి ఊరుకోడమేనా?"

చెయ్యి పట్టుకుని ఆయన బొటనవేలు నా టైరు మీద పెట్టి నొక్కించాను. ఇంత మెత్తగా ఉంటే నేను పడను మావా అన్నాను. ఆయన నొక్కాడు, వేలు తీశాడు. లోపలికెళ్ళిపోయాడు.

దిగుతున్నంతసేపూ ఏడుపొచ్చింది. సైకిలు మాత్రం ఒక్కసారి కూడా జారలేదు.

నవంబరు 30. పరీక్ష. ఎగువబంద నుంచి తిరిగొచ్చాక రాసినది.

రాత్రంతా కొత్త మంచు పడింది. సత్యారావు గారు పొద్దున్నే గేటు దగ్గర నిలబడి ఆకాశం చూస్తున్నారు. "రేపటికి మార్సుదామా అమ్మా?" అన్నారు.

"రేపు పిల్లని దించేత్తారు కదా సార్!"

ఆయన మందు పెట్టె చేతికిచ్చారు. పెట్టె అక్కడే విప్పి సీసాలు నా కోటు లోపలి జేబులో, పొట్టకి ఆనించి పెట్టుకున్నాను. ఆ జేబు దానికోసమే కుట్టాను. ఒంటి వేడి ఉన్నంతసేపూ అవి గడ్డకట్టవు.

సాడిమెట్టకి వచ్చేసరికే ఆలస్యమైంది. కొత్త మంచులో గేదె కూరుకుంటోంది, ఒక అడుగు వెళ్ళినట్టు లేదు, ఒళ్ళంతా చెమట. బొంజన్న మావ దారి మీదికే వచ్చి నిలబడ్డాడు. గిన్నె ఒక చేతిలో ఉంది. నేను దిగి జావ తాగుతుంటే సైకిలు తీసుకుని మోకాళ్ళ మీద కూచున్నాడు. తొడుగులు విప్పాడు. మళ్ళీ గాలి కొట్టేస్తాడనుకున్నాను.

బొటనవేలితో వెనక టైరు నొక్కాడు. మూత తిప్పాడు. గాలి బయటికి వస్తున్న చప్పుడు విన్నాను.

"ఆ పొద్దు నువ్వు సూపించినంత సాలదు కోడలా. ఇయ్యాల మంచు కొత్తది, లోన గట్టిపడలేదు. ఇంకాస్త తియ్యాల" అన్నాడు. ముందు టైరుకి కూడా తీశాడు. మళ్ళీ నొక్కి చూశాడు, ఇంకొంచెం తీశాడు. నేను చూస్తూ నిలబడ్డాను. మూతలు బిగించి, లేచి, మోకాళ్ళ మంచు దులుపుకున్నాడు. "ఎల్లు. సూస్తావేటి? ఎల్లు బేగి!"

వెళ్ళాను. ఆ తర్వాత గేదె కూరుకోలేదు. చీమల గట్టు మీద గాలివాన లాంటి మంచు మొహానికి కొడుతుంటే దారి కనబడక రెండుసార్లు ఆగాల్సి వచ్చింది. కాలు పెడితే పిక్క దాకా దిగింది. కడ్డీ నన్ను తాకలేదు. ఆ నాలుగు వేళ్ళ సందు లేకపోతే అక్కడే పక్కకి ఒరిగి సీసాల మీద పడేదాన్ని. రెండుసార్లూ కాలు లాక్కుని, తొక్కి, మళ్ళీ ఎక్కగలిగాను.

అప్ప కంచె దగ్గర నిలబడి ఉంది. నన్ను చూసి అరవలేదు, పరిగెత్తలేదు. ఇంట్లోకి వెళ్ళి ఫోను తీసింది. నేను వెనకే వెళ్ళి జేబులోంచి సీసాలు తీసి వెలుగుకి ఎత్తి చూపించాను. నీళ్ళలా ఉన్నాయి.

"సార్, వొచ్చీసింది. గడ్డకట్టలేదు" అంది అప్ప.

"సరీగ్గా సూసినావా తల్లీ?" అని సత్యారావు గారు అంటూండగానే ఆయన గొంతు వెనక సైరను మొదలైంది. ఆయన గట్టిగా నవ్వడం అందులోంచి వినబడింది.

బుదరి వచ్చి గౌను అంచు పైకెత్తి తొడ చూపించింది. వాళ్ళమ్మ సూది వేసింది. పిల్ల కళ్ళు మూసుకోలేదు, నన్నే చూస్తోంది.

"సిన్నమ్మా, నాను రేపు ఎల్లనా?"

"ఎల్లవు."

"మళ్ళీ సోమారం నువ్వొస్తావా?"

"వొస్తాను."

"ఆ మీద సోమారం?"

"అదీ వొస్తాను."

"మంచు ఎక్కువ పడితేనో?"

ఇన్ని రోజులూ సైకిలు ఎందుకు జారింది, మంచు ఎలా ఉంది, గాలి ఎంత ఉండాలి, ఇవే ఆలోచించాను. అవన్నీ తెలుసుకోవడంలో నాకు ఎంత సరదా ఉందో దాచను. ఆ పిల్ల అలా అడిగేసరికి మొదటిసారి భయం వేసింది. నేను రాని సోమవారం అంటూ ఒకటి వస్తే ఈ ఇంట్లో ఏం జరుగుతుందో అప్పుడు కనబడింది. వస్తానని మళ్ళీ చెప్పాను.

అప్ప మూలనున్న హాస్టలు సంచీ తెరిచింది. రేపటి కోసం అన్నీ సర్ది పెట్టింది. గౌను తీసి మేకుకి తగిలించింది. మేజోళ్ళు, దువ్వెన, తలకి చుట్టుకునే గుడ్డ ఒక్కొక్కటీ తీసి వాటి చోట పెట్టింది. అడుగున తన పాత రవిక ఒకటి మడిచి ఉంది. పిల్ల రాత్రిళ్ళు పక్కలో పెట్టుకోవడానికి. అది తీసి తనే భుజాన వేసుకుంది. సంచీ దులిపి నా చేతిలో పెట్టింది.

"దీన్ని కిందికి పట్టుకుపో సెల్లీ. ఇంట్లో ఉంటే నాకు నిద్దర పట్టదు."

ఖాళీ సంచీ గేదె వెనక కట్టుకుని దిగాను.